ఆటలో కాలం ఎందుకు నెమ్మదిస్తుంది?

కన్సోల్‌లో విమానం నడుపుతున్నారు. స్పీడు ముల్లు 120 నాట్ల దగ్గరే ఉంది, రన్‌వే మాత్రం ఎంతకీ దగ్గరపడదు. ఎందుకు?

సిమ్యులేటర్ కాలాన్ని చిన్న ముక్కలుగా కోసి లెక్కిస్తుంది. ఒక్కో ముక్క సెకనులో 20వ వంతు అనుకోండి. రెక్కల్ని గాలి ఎంత పైకెత్తింది, ఇంజన్ ఎంత లాగింది, విమానం ఎంత కదిలింది, ప్రతి ముక్కలోనూ ఇవన్నీ తేలాలి. కింద పెద్ద నగరం, చుట్టూ దట్టమైన మేఘాలు ఉంటే ప్రాసెసర్‌కు ఊపిరి సలపదు. సెకనుకు 10 ముక్కలే పూర్తయితే, మనకు సెకను గడిచేసరికి ఆటలో గడిచేది అర సెకనే!

ముక్కల్ని పెద్దవి చేస్తే? లెక్క గతి తప్పి విమానం ఊగిపోవచ్చు. అందుకే ఫ్రేములు, అంటే తెరపై మారే బొమ్మలు, సెకనుకు సుమారు 20 కంటే తగ్గితే, కంప్యూటర్లలో ఆడే ఎక్స్-ప్లేన్ సిమ్యులేటర్ కాలాన్నే నెమ్మదింపజేస్తుంది. నా దృష్టిలో అదే సరైన పద్ధతి.

అనుమానమొస్తే కాక్‌పిట్ గడియారాన్ని ఫోన్ స్టాప్‌వాచ్‌తో పోల్చి చూడండి.