చాటలోని శ్రమకు సాక్షి యెవరు?

కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతములలో మధ్యాహ్నవేళ ఏ వీధిని నడచినను, అరుగులమీదను వాకిండ్లలోను చాట ఒడిలో పెట్టుకొని కూర్చున్న స్త్రీలు కనిపింతురు. నోట మాట సాగుచునే యుండును. చేతులు మాత్రము నిలువవు. రాత్రి తడిపి గుడ్డలో చుట్టియుంచిన తునికాకును కొలతరేకు పెట్టి కత్తిరించి, తంబాకు పోసి చుట్టి, దారము కట్టి, కొన ముడిచి, వేయి బీడీల లెక్క తేలునప్పటికి ప్రొద్దు వ్రాలును. అంతట పొయ్యి రాజవేయు వేళ యగును.

ఇంత చేసినను, “ఇంటిపట్టుననే యున్నది, ఏదో చుట్టుకొనుచున్నది” అని యింటివారే యందురు. కర్మాగారమునకు పోవువాని పనికి వేళ కలదు, గంట కలదు, గేటు కలదు. ఈమె పనికి అవేవియు లేవు. వంటకును పసిబిడ్డకును నడుమ జరుగు పని గనుక, అది పనివలెనే కానరాదు.

ఆకు పుట్టినచోటను ఇదే కథ. ఎండకాలమున ఆదిలాబాదు అడవులలో తెల్లవారకముందే బయలుదేరి ఆకు కోసి, ఏబదేసి ఆకులు కట్టగట్టి కల్లమునకు చేర్చువారిలో ఎందరో స్త్రీలు. అడవిలో కోయు చేయి, అరుగుపై చుట్టు చేయి ఒకదాని నొకటి యెరుగవు. వీనిని కలిపి చెప్పువారును అరుదు.

చట్టము మాత్రము ఈమెను మరువలేదు. 1966వ సంవత్సరపు బీడీ కార్మికుల చట్టము, ఇంట కూర్చుండి చుట్టు స్త్రీయు కార్మికురాలే యని స్పష్టముగా చెప్పెను. 1976లో వారి సంక్షేమనిధి యేర్పడెను. ఆ 1966 నాటి చట్టము 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చిన కొత్త కార్మికస్మృతులలో కలిసిపోయినది. తెలంగాణ ప్రభుత్వము బీడీ కార్మికులకు నెలకు వేయి రూపాయల పింఛను ఏర్పరచి, 2019లో దానిని 2,016 రూపాయలు చేసినది. కాని ఆ పింఛనునకు భవిష్యనిధి సంఖ్య కావలెను. ఇరువదియేండ్లు చుట్టియు, పేరు పుస్తకమున కెక్కని స్త్రీ యేమి చూపగలదు? వంగిన వీపును చూపవచ్చును, తంబాకు దుమ్ముచే పట్టిన దగ్గును వినిపింపవచ్చును. వానిని ఏ కచ్చేరియు లెక్క వ్రాసికొనదు. కనుక, చేసిన పనికి సాక్ష్యము లేకుండుటయే ఆమె కష్టములలో పెద్దది.

సాక్ష్యము చెప్పవలసినది వార్తాపత్రిక. అయితే పత్రికకు ప్రకటనలే ఆధారమైనప్పుడు, ఏమియు కొనలేనివారి గోడు వెనుకపుటకు జారుట సహజము. 2017 జూలైలో బీడీలపై నూటికి 28 వంతున పన్ను పడినప్పుడు వ్యాపారమున కెంత నష్టమో విచారించువారు పెక్కుమంది. పని దినములు తగ్గినచో ఆ యింట పాలు మానిరా, పిల్ల బడి మానెనా యని విచారించుటకు ఎవరో ఒకరు ఆ అరుగుపై కూర్చుండవలెను.

అట్లు కూర్చుండుటకే పుట్టిన సంస్థ యొకటి కలదు. ‘పీపుల్స్ ఆర్కైవ్ ఆఫ్ రూరల్ ఇండియా’ అను నది 2014 డిసెంబరులో పాలగుమ్మి సాయినాథుగారిచే స్థాపింపబడెను. దీనిని ‘పరి’ యని క్లుప్తముగా పిలుతురు. ఇది లాభము కోరని ధర్మనిధి. చదువుటకు రుసుము లేదు. అంతర్జాలముద్వారా పదియేండ్లకు పైగా కూలీల, నేతగాండ్ర, చేతిపనివారల గాథలను వారి మాటలతోనే సేకరించి, తెలుగుతో సహా అనేక భాషలలో వెలువరించినది. సాయినాథుగారు మన తెలుగు కుటుంబమువారే; కార్మికనాయకుడై, 1954లో కార్మికుల పక్షమున కేంద్రమంత్రిపదవిని వదలి, 1969లో రాష్ట్రపతియైన వి.వి. గిరిగారికి మనుమడు.

1993 నుండి 2002 వరకు పది రాష్ట్రములలో తాము తీసిన ఛాయాచిత్రములతో ఆయన ఒక ప్రదర్శన కూర్చిరి. కనిపించు పని, కనిపించని స్త్రీలు అని దాని పేరునకు అర్థము. ఇటుకలు మోయువారు, నాట్లు వేయువారు, పశువులను మేపువారు అందున్నారు. ఆ పేరే మన చాటముందు కూర్చున్న స్త్రీకిని సరిపోవును. బెంగాలులోని ముర్షిదాబాదు జిల్లాలో బీడీలు చుట్టు స్త్రీల బాధలనుగూర్చియు ‘పరి’ వ్రాసినది. భాష వేరు, ఊరు వేరు. చాటయు, దగ్గును, వేయింటి లెక్కయు ఒక్కటే.

బీడీ త్రాగుట ఆరోగ్యమునకు చెరుపే. ఆ మాట నిజమైనంత మాత్రమున చుట్టిన చేతికి కూలి చెల్లనక్కరలేదని కాదు. వేరు బ్రతుకుతెరువు చూపవలె ననువారు ముందుగా ఆమె యెవరో, ఆమె రోజుకూలి యెంతయో తెలిసికొనవలెను కదా!

సోదరీమణులారా, మనకు చదువు వచ్చినందున చేయదగిన చిన్నపని యొకటి కలదు. మీ పొరుగున చాట పట్టుకొని కూర్చున్న అక్కను గుర్తింపుపత్రము ఉన్నదా యని అడుగుడు. ఉన్నచో అందు పేరును, తేదీని, సంఖ్యను చదివి వినిపింపుడు. తప్పున్న దిద్దుకొనుటకు ఎచ్చట అర్జీ పెట్టవలెనో కనుగొనుడు. లేనిచో, ఎన్నేండ్లనుండి చుట్టుచున్నదో, ఎవరికి చుట్టుచున్నదో ఒక కాగితముపై వ్రాసియిండు. పెద్ద సంస్థలు దేశముకొరకు వ్రాసి పెట్టినదానిని, మనము మన వీధికొరకు వ్రాసి పెట్టలేమా?