మాల తీశాక మాట్లాడేదెవరితో?

చిలకలూరిపేట: కార్తీకం వచ్చిందంటే పల్నాటి మిరప పల్లెల్లో తెల్లవారుజామునే శరణుఘోష వినబడుతుంది. నల్లబట్టలు కట్టిన మగవారు చన్నీళ్ల స్నానం చేసి పీఠం ముందు కూర్చుంటారు. గట్టు తగాదాతో నిన్నటిదాకా మాటల్లేని రైతులు కూడా ఒకరినొకరు "స్వామీ" అని పిలుచుకుంటారు. బ్రాందీ షాపు వైపు కన్నెత్తి చూడరు. సాయంత్రం భజన, ఆపైన అరుగు మీద కబుర్లు. ఆ 41 రోజులూ మాల వేసిన మగవాడికి ఒంటరితనం ఉండదు.

ఇరుముడి కట్టుకుని శబరిమల వెళ్లివచ్చాక మాల తీసేస్తారు. సంక్రాంతికి మకరజ్యోతి చూసి వచ్చేవారితో ఆ సందడి ముగుస్తుంది. సరిగ్గా అప్పుడే మిరప కోతలు ముమ్మరమవుతాయి. కాయ గుంటూరు యార్డుకు చేరాక ఎరువుల కొట్టు బాకీ, పురుగుమందుల బాకీ, కౌలు, వడ్డీ అన్నీ ఉగాది లోపల తేలాలి. అప్పులవాళ్లు గుమ్మంలోకి వచ్చే నాటికి పీఠం ఎత్తేసి ఉంటారు. 2021-22లో నల్ల తామర పురుగు పడి, ఎకరాకు లక్షకు పైగా పెట్టుబడి పెట్టిన చేలను పూత దశలోనే దున్నేసిన రైతులెందరో ఉన్నారు. అప్పు ఎంత ఉందో కట్టుకున్న భార్యకు కూడా చెప్పని మగవారు పల్లెల్లో కొల్లలు. ఆ లెక్క ఆమెకు తెలిసేది చాలా ఇళ్లలో మనిషి పోయాకనే!

అదే ఇళ్లలోని ఆడవారి సంగతి వేరు. కోతలకు ముఠాగా వెళ్లిన మనిషి తన బాధ పక్క సాలులో కోసే మనిషికి చెప్పుకుంటుంది. ధనుర్మాసంలో తిరుప్పావై వినడానికి గుడికి వెళితే ప్రసాదం తీసుకునే లోపల నాలుగిళ్ల కష్టసుఖాలు తెలుస్తాయి. చర్చి ఉన్న పల్లెల్లో స్త్రీల సమాజం ప్రార్థనకు కూడినప్పుడు ఒక్కొక్కరూ లేచి సాక్ష్యం చెబుతారు. కొడుకు చదువు మానేశాడని ఒకరు, భర్త తాగివచ్చి కొట్టాడని మరొకరు ప్రార్థన మనవి పెడతారు. దానికి సిగ్గుపడనక్కరలేదు, అందరూ ఏదో ఒకనాడు ఏడ్చినవారే. ప్రార్థన అయ్యాక ఇద్దరు ముగ్గురు ఇంటిదాకా తోడు వస్తారు కూడా. అదే చర్చిలో మగవారు కలిస్తే కమిటీ లెక్కలు, పైకప్పు మరమ్మతులు తప్ప ఇంటి విషయం నోట రాదు.

మసీదులో తీరు కొంత తిరగబడుతుంది. మగవారు రోజుకు ఐదుసార్లు భుజం భుజం కలిపి నిలబడతారు. ఒకపూట రాకపోతే "ఏం భాయ్, కనబడలేదు?" అని అడిగేవారుంటారు. ఆడవారిలో ఎక్కువమంది నమాజు ఇంట్లోనే చదువుకుంటారు. వారు నలుగురిలో కలిసేది దర్గా దగ్గరో, బంధువుల ఇళ్లలోనో.

ఆడవారి తోడు ఊరికే వచ్చేదేమీ కాదు. కష్టం చెప్పుకున్న చోటే ఊరంతా పాకే ప్రమాదమూ ఉంది. ధైర్యం చెప్పిన గ్రూపు సభ్యులే వాయిదా డబ్బు కోసం గుమ్మంలో కూర్చున్న రోజులున్నాయి. సూక్ష్మ రుణ సంస్థల వసూళ్లు శ్రుతిమించి, 2010 అక్టోబరులో నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. మాల సంగతే తీసుకున్నా దీక్ష మగవారిది, చాకిరీ ఆడవారిది. చీకటితో లేచి వాకిలి కడిగి, మడిగా వండి, నెలసరి వస్తే పక్కింట తలదాచుకునే భార్యను "స్వామీ, మీకెలా ఉంది?" అని అడిగేవారు లేరు.

మనోవ్యాకులత మగవారి కంటే ఆడవారిలోనే ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. చావుల లెక్క మాత్రం వేరుగా ఉంది. జాతీయ నేర గణాంకాల ప్రకారం 2022లో దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకోగా, వారిలో మగవారు 1,22,724 మంది, ఆడవారు 48,172 మంది. ఈ తేడాకు తోడు లేకపోవడం ఒక్కటే కారణమనలేము. అప్పు, తాగుడు, ఇంటిపోరు అన్నీ కలుస్తాయి. అయితే నోరు విప్పి చెప్పుకునే చోటు లేనివాడికి ఇవన్నీ ఒకేసారి మీద పడతాయి.

మాల తీసినంత మాత్రాన కలుసుకోకూడదన్న నియమం ఎక్కడా లేదు. సంక్రాంతి నుంచి ఉగాది దాకా వారానికో సాయంత్రం అదే గురుస్వామి ఇంట భజన పెట్టుకుంటే పెద్ద ఖర్చేమీ కాదు. ఎవరు రావడం మానేశారో తెలుస్తుంది. రాని మనిషి ఇంటికి ఎవరో ఒకరు వెళ్లి చూడవచ్చు.

ఊళ్లో ఎవరికీ చెప్పుకోలేనివారికి 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ ఉంది. 14416 నంబరుకు పగలైనా రాత్రయినా ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.