ఇత్తడి ఓర్పు

సొట్టపడిన ఇత్తడి బిందెను బాగుచేయించినవారు ఒక వింత చూచియుందురు. సుత్తి దెబ్బలు తినేకొలది ఇత్తడి బిగిసిపోతుంది. హద్దు మీరితే పగులుతుంది. అందుకే కంచరి దానిని నడుమనడుమ కొలిమిలో కాచి, మెత్తబరచి, తిరిగి సాగగొడతాడు. మంచిర్యాల వంటి గోదావరి ఒడ్డు ఊళ్ళలో ఇంటింటి బిందెకూ వర్తించే ఈ లోహధర్మమే తుపాకి తూటాకూ వర్తిస్తుంది. బిందె పగిలితే నీళ్ళు పోతాయి; తూటా పగిలితే కన్ను పోతుంది.

తూటా తొడుగుకు వాడే ఇత్తడిలో నూటికి 70 పాళ్ళు రాగి, 30 పాళ్ళు తుత్తునాగం. నేటి పెద్ద రైఫిళ్ళలో మందు అంటుకొన్నప్పుడు వాయువుల ఒత్తిడి చదరపు అంగుళానికి 50 వేల పౌన్లు మించుతుంది. ఆ క్షణంలో తొడుగు ఉబ్బి, చుట్టూ ఉన్న ఉక్కుగోడను కరచుకొని, వాయువు వెనుకకు రాకుండా మూస్తుంది. మరుక్షణం కొంత ముడుచుకొని వదులవుతుంది. భారమంతా మోసేది ఉక్కే. అయితే అడుగుభాగానికి ఆ ఆసరా పూర్తిగా దొరకదు. కనుక తొడుగు మెడ మెత్తగాను, అడుగు గట్టిగాను ఉండవలెను.

ఇత్తడిలో దాగిన బిగువు ఎంతటి చేటు తెస్తుందో మన దేశంలోనే వెల్లడయింది. బ్రిటిషు సేనలు వానాకాలంలో గుర్రపుశాలల చెంత నిలవచేసిన తూటాలు పేల్చకుండానే నెర్రెలు విచ్చేవి. గుర్రపుశాలల నుండి లేచే అమ్మోనియా, తేమగాలి, తయారీలో లోహాన మిగిలిన బిగువు, ఈ మూడూ కలిసి చేసిన పని అది. 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్‌సన్ అనే శాస్త్రజ్ఞులు ఈ గుట్టు విప్పిచెప్పారు. మెల్లని వేడితో ఆ బిగువు తీసివేస్తే పగుళ్ళు రావని తేలింది.

తూటాలు దొరకని పాత తుపాకుల కోసం వేరొక తూటా తొడుగును నొక్కి, కోసి, కొత్త రూపానికి తెచ్చే అలవాటు కొన్ని దేశాలలో ఉన్నది. అపాయం పొంచియుండేది ఇక్కడనే. వెడల్పు మెడను ఇరుకు చేస్తే లోహం మందమై గుండును బిగబట్టవచ్చును; ఒత్తిడి పెరుగుతుంది. గోడలు మందమైతే లోపలి చోటు తగ్గి, అదే కొలత మందు అధికబలంతో పేలుతుంది. పలుమార్లు పేలి సాగిన తొడుగు అడుగుకు కాస్త పైన లోలోపల పలుచబడుతుంది. పైకి మెరుస్తూనే ఉంటుంది. మెడతోపాటు అడుగును కూడా కాచి మెత్తబరిస్తే వాయువు వెనుకకు చిమ్మి, కాల్చేవాని ముఖాన్నే తాకుతుంది. అన్నిటికంటె పెద్ద భ్రమ మరొకటి: తొడుగు దిట్టమైనదైతే తుపాకి కూడా దిట్టమవుతుందనుకోవడం. పాత ఉక్కు ఓర్చగలిగినంతే ఓర్చును.

మంచిర్యాల చెంతనున్న కవ్వాల అడవి 1965లో అభయారణ్యమయినది. 2012లో పులుల సంరక్షణ కేంద్రమయినది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటకు అడ్డుకట్ట వేసినది. అనుమతి లేకుండా తూటాలు తయారుచేయడాన్ని 1959 నాటి ఆయుధాల చట్టం నిషేధిస్తున్నది. అటకమీద తాతలనాటి తూటాలు కనిపిస్తే వాటిని పరీక్షింప బూనుకొనక, తాకకుండా పోలీసులకు తెలుపుటయే క్షేమం. లోహం ఎంత అలసినదో పైమెరుగు చెప్పదు.