ఇంజను బిగించే ముందు

మీ ఇంటి గరాజులో పాత నిస్సాన్ 1400 బక్కీ ఇంకా ఉందా? 2008 దాకా మన దేశంలోనే, రోస్లిన్‌లో తయారయిన బండి అది. ఇనప బ్లాకు, అల్యూమినియం హెడ్డు, ఎనిమిది వాల్వులు. స్పానర్ల పెట్టె, కాస్త ఓపిక ఉంటే ఇంట్లోనే విప్పవచ్చు. పుస్తకం చూసి బిగించనూ వచ్చు. విప్పడానికీ బిగించడానికీ మధ్య ఒక పని ఉంది: కడగడం, ఆరబెట్టడం, నూనె పూయడం. చాలామంది తొందరపడేది అక్కడే. నేనూ తొందరపడ్డాను.

మా నాయన డర్బన్‌లోని ఎర్లీ మార్నింగ్ మార్కెట్‌లో ఆకుకూరలు అమ్మేవాడు. తెల్లవారుజామున మూడింటికి బక్కీ కదలాలి. ఒక ఏడాది అది నీలం పొగ వదలడం మొదలుపెట్టింది. అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. "నేను చేస్తాను నాయనా" అన్నాను. సిలిండర్లకు హోనింగ్ చేయించి బ్లాకు ఇంటికి తెచ్చాను. పారఫిన్‌తో కడిగాను. అద్దంలా మెరిసింది. బిగించేశాను.

ఎనిమిది వందల కిలోమీటర్లు తిరగకముందే మళ్ళీ పొగ. విప్పి చూస్తే కొత్త రింగులు అరిగిపోయాయి, బేరింగుల మీద గీతలు. రెండు నెలలు నాయన పక్కింటాయన బండికి బాడుగ ఇచ్చి కూరలు మోయించాడు. నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

తప్పు ఎక్కడ జరిగిందో చెబుతాను. జిడ్డు వేరు, గరుకు వేరు. జిడ్డు అంటే నూనె, మసి. గరుకు అంటే వేలికి ఇసకలాగా తగిలేది. హోనింగ్ రాయి సిలిండరు గోడ మీద సన్నని గీతలు గీస్తుంది. ఆ గీతల్లో రాతిపొడి, ఇనపపొడి ఇరుక్కుంటాయి. పారఫిన్ జిడ్డును తీసుకుపోతుంది, గరుకును అక్కడే వదిలేస్తుంది. ఆ పొడి నూనెలో కలిసి ఇంజను అంతా తిరుగుతుంది.

రెండోసారి నాయన తనే వచ్చాడు. బకెట్టు నిండా వేడినీళ్ళు, సన్‌లైట్ సబ్బు, గట్టి బ్రష్షు, అమ్మ పాత తెల్ల నూలుచీర తెచ్చాడు. రుద్దాం, కడిగాం, మళ్ళీ రుద్దాం. ప్రతిసారీ చీరముక్క మీద కాస్త నూనె వేసి సిలిండరు లోపల తుడిచి చూపించేవాడు. బూడిదరంగు వస్తే "గరుకు పోలేదు" అనేవాడు. ముక్క తెల్లగా వచ్చేసరికి బకెట్టు నీళ్ళు ఎన్నిసార్లు మార్చామో నాకు గుర్తులేదు. మీరూ ఈ పరీక్షే చేయండి. కంటితో చూసి నమ్మకండి.

ఇక సబ్బుతో కడిగిన ఇనుముకు డర్బన్ గాలి శత్రువు. సముద్రపు తేమ వల్ల కొన్ని నిమిషాల్లోనే నారింజరంగు తుప్పు కనబడుతుంది. ఒకరు ఆరబెడుతుంటే ఇంకొకరు వెనకనే నూనె పూయాలి. ఒంటరిగా చేస్తే ఒక్కొక్క సిలిండరే పూర్తి చేయండి. చేతి చెమటలోనూ ఉప్పు ఉంటుంది కాబట్టి ముట్టుకున్నచోట మళ్ళీ తుడవండి. మనలో చాలామంది శనాదివారాల్లోనే ఈ పని చేస్తాం. వారం మధ్యలో భాగాలను ఉత్త గుడ్డలో చుట్టి వదిలేయకండి, గుడ్డ తేమ పీలుస్తుంది. నూనె పూసి ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి కట్టండి.

పెట్రోలుతో కడగకండి. దాని ఆవిరి నేల మీద పాకి దూరంలో ఉన్న మంటను కూడా అందుకుంటుంది. కాస్టిక్ సోడా ఇనుముకు సరే కానీ, పిస్టన్లను, హెడ్డును అందులో ముంచితే అల్యూమినియాన్ని తినేస్తుంది. పాత గాస్కెట్టును ప్లాస్టిక్ ముక్కతో గీకండి. డ్రిల్లుకు తగిలించే రాపిడి బిళ్ళలు వాడితే వాటి పొడి బేరింగులకు చేరుతుంది, మళ్ళీ మా కథే.

క్రాంకు లోపల నూనె నడిచే సన్నని దారులు ఉంటాయి. బయట ఎంత తుడిచినా అవి శుభ్రం కావు. సన్నని సీసా బ్రష్షును ఈ చివర నుంచి ఆ చివరకు లాగండి. తరువాత గాలి కొట్టండి, కళ్ళద్దాలు పెట్టుకుని. హెడ్డు బోల్టుల రంధ్రాల్లో నీళ్ళు, నూనె మిగలకూడదు. మిగిలితే బోల్టు దిగేటప్పుడు ఆ ద్రవానికి పోయే దారి లేక బ్లాకు పగలవచ్చు.

బేరింగు చిప్పల విషయంలో చాలామంది పొరపడతారు. చిప్ప వీపు పొడిగా ఉండాలి, అది కూర్చునే చోటు కూడా. నూనె ముఖానికి మాత్రమే. వీపు వెనక ఒక వెంట్రుక చిక్కినా అక్కడ చిప్ప ఉబ్బి క్రాంకును రాస్తుంది. కామ్‌షాఫ్టుకు, టాపెట్లకు మామూలు నూనె చాలదు. మొదటి నిమిషాల్లో వాటికి నూనె ఆలస్యంగా అందుతుంది కనుక నల్లటి మాలి పేస్టు రాయండి. పాత టాపెట్లే వాడుతున్నారా? ఏది ఎక్కడిదో అక్కడికే వెళ్ళాలి. గుడ్ల అట్టలో 1 నుంచి 8 వరకు అంకెలు రాసి పెట్టుకుంటే సరి.

అన్నీ బిగించాక వెంటనే స్టార్టు చేయకండి. స్పార్కు ప్లగ్గులు తీసేసి, స్టార్టరును కొద్దికొద్దిగా, మధ్యలో విశ్రాంతి ఇస్తూ తిప్పండి. ప్లగ్గులు లేకపోతే బేరింగుల మీద బరువు పడదు, పంపు నూనెను పైకి తోస్తుంది. డ్యాష్‌బోర్డు మీద ఎర్ర నూనెదీపం ఆరాలి.

ఆ రోజు తాళం నేను తిప్పాను. నాయన కిటికీలోంచి తల లోపలికి పెట్టి ఆ దీపాన్నే చూస్తున్నాడు. నాలుగోసారికి అది ఆరింది. ఆయన ఏమీ అనలేదు. ప్లగ్గుల డబ్బా అందుకుని బండి ముందుకు నడిచాడు.