నొప్పులు రాకముందే ఏర్పాటు
పురిటి విషయమున పంచాయతీ సభ్యుల కర్తవ్యము

ఒక గ్రామము బాగోగులను తెలిసికొనగోరువారు అచ్చటి బాటలను, మంచినీటి వసతిని, బడిని చూచుట వాడుక. వీనితోపాటు విచారింపదగినది మరియొకటి కలదు. ఆ యూరి ఆడపడుచు ప్రసవించి, బిడ్డతో క్షేమముగా ఇల్లు చేరుటకు అచ్చట ఎట్టి ఏర్పాటులున్నవి?

ఒకనాడు పురుడనగా ఇంటి మూలగదిలో, మంత్రసాని చేతిలో, దైవముపై భారముంచి జరుగు కార్యము. ఆ స్థితి నేడు చాలవరకు మారినది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము తెలంగాణలో నూటికి 97, ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 96కు పైగా ప్రసవములు ఆసుపత్రులలోనే జరిగినవి. ఉమ్మడి రాష్ట్రమున 2004-06 సంవత్సరములలో లక్ష సజీవ జననములకు 154 మంది తల్లులు మరణించుచుండిరి. 2018-20 నాటికి ఈ సంఖ్య ఆంధ్రప్రదేశ్‌లో 45కు, తెలంగాణలో 43కు తగ్గినది. అప్పటికి దేశము మొత్తమునకు ఇది 97.

ఇది సంతోషింపదగిన మార్పే. కాని మిగిలిన ఆ 45, 43 వట్టి అంకెలు కావు. అవి తల్లిలేని ఇండ్లు. పురుటికి ఆసుపత్రికి పోవలెనని నేడెల్లరు నెరుగుదురు. ఏ ఆసుపత్రికి, ఏ బండిలో, ఎవరి తోడుతో పోవలెననునది మాత్రము పెక్కిండ్లలో నొప్పులు మొదలైన పిదపనే ఆలోచనకు వచ్చుచున్నది. ఈ ఆలోచన ఏడవ నెలలోనే ముగియవలెను. దానిని ముగింపజేయుట కుటుంబము పని మాత్రమే కాదు, పంచాయతీ పని కూడ.

మూడు ఆలస్యములు

తల్లుల మరణములకు దారితీయు ఆలస్యములు మూడు విధములని 1994లో తాడియస్, మెయిన్ అను ఇరువురు పరిశోధకులు వివరించిరి. మొదటిది ఇంటిలో జరుగునది: అపాయమును గుర్తింపక, "ఇంకొంతసేపు చూతము" అని కూర్చుండుట, పెద్దలు వచ్చి చెప్పువరకు కదలకుండుట. రెండవది దారిలో జరుగునది: బండి దొరకకపోవుట, వాగు పొంగుట, బాట చెడియుండుట. మూడవది ఆసుపత్రిలో జరుగునది: చేరినచోట వైద్యుడో, రక్తమో, ఆపరేషను వసతియో లేక వేరొక ఆసుపత్రికి పంపబడుట.

ఈ ఆలస్యముల విలువ ఎంతయో ఒక్క ఉదాహరణము వలన తెలియగలదు. ప్రసవానంతరము అధికముగా రక్తము పోవుట ఆరంభించినచో, చికిత్స అందనిచో, రెండు గంటలలోనే తల్లి ప్రాణము పోవచ్చును. ఆ రెండు గంటలలో ఒక గంట బండి వెదకుటకు, మరియొక గంట తగని ఆసుపత్రికి పోయి మరలుటకు ఖర్చయినచో ఇక మిగులునదేమి? మొదటి రెండు ఆలస్యములను నివారించుట గ్రామము చేతిలోనే యున్నది. తగిన ఆసుపత్రిని ముందే నిర్ణయించుకొన్నచో మూడవదియు చాలవరకు తగ్గును.

పుట్టింటి ప్రయాణము

తొలికాన్పు పుట్టింట జరుగుట మన ఆచారము. సీమంతము చేసి, ఒడి నింపి, కూతును వెంటబెట్టుకొని పోవుదురు. అమ్మ చెంత ఉండుట చూలాలికి ధైర్యము నిచ్చును గనుక ఆచారము మంచిదే. కాని ఇందొక చిక్కు కలదు. ఆమె పేరు నమోదైనది అత్తవారి ఊర. రక్తపోటు, రక్తహీనత చూచి వ్రాసికొన్నది అచ్చటి ఏ.ఎన్.ఎం.; ప్రసవము మాత్రము మరియొక ఊర. ఆ రెండూళ్ల నడుమ ఆమె ఎవరి లెక్కలోను లేకుండ పోవుటకు అవకాశమున్నది.

దీనికి ఉపాయము సులభము. చీరసారెలతో పాటు తల్లీబిడ్డల సంరక్షణ కార్డును, పరీక్షల కాగితములను తప్పక పంపవలెను. ఆమె బయలుదేరిన దినముననే ఈ ఊరి ఆశా కార్యకర్త ఆ ఊరి ఆశా కార్యకర్తకు కబురు చేయవలెను. మీ యూరికి కాన్పుకై వచ్చిన ఆడపడుచును వచ్చిన వారములోగా అచ్చటి ఆరోగ్య కేంద్రమున చూపింపవలెను. సీమంతమునకు పెద్దలెల్లరు కూడుదురు గనుక, ఆసుపత్రి, బండి, తోడు, రక్తము అను నాలుగు విషయములను ఆనాడే తేల్చుకొనుట మేలు.

ఏ ఆసుపత్రికి?

ఆఖరు ముట్టు మొదటి దినమునకు తొమ్మిది నెలల ఏడు దినములు కలిపినచో ప్రసవపు తేదీ ఉజ్జాయింపుగా తెలియును. ఈలోగా కనీసము నాలుగుసార్లు పరీక్ష జరుగవలెను. 2016 నుండి ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ ఆరోగ్య కేంద్రములలో గర్భిణులకు వైద్యుల పరీక్ష ఏర్పాటు చేయబడినది. నాలుగవ నెల మొదలు దినమునకొకటి చొప్పున కనీసము 180 ఇనుము, ఫోలిక్ ఆమ్లము మాత్రలు వాడవలెను. వీనిని టీ, కాఫీలతో వేసికొనరాదు. అట్లు చేసినచో ఇనుము ఒంటికి పట్టదు.

పరీక్షలలో ఏ చిక్కును కనబడనివారికి సమీపమునందలి ప్రాథమిక ఆరోగ్య కేంద్రము చాలును. ముందటి కాన్పు ఆపరేషనుతో జరిగినవారు, కవలలున్నవారు, బిడ్డ అడ్డముగానో ఎదురుకాళ్లతోనో ఉన్నవారు, రక్తపోటు 140/90 లేక అంతకు మించినవారు, మధుమేహమున్నవారు, హీమోగ్లోబిన్ 7 గ్రాములకు తగ్గినవారు మాత్రము, ఆపరేషను వసతియు రక్తనిధియు గల పెద్ద ఆసుపత్రికే నేరుగ పోవలెను. చిన్న ఆసుపత్రికి పోయి, అచ్చటినుండి పెద్ద ఆసుపత్రికి పరుగిడుట వారి విషయమున ప్రమాదకరము.

వాగులు దాటవలసిన కొండగ్రామముల వారు నొప్పులు వచ్చువరకు ఆగుట క్షేమము కాదు. మన్యమున సాలూరులో 2018లో ఏర్పడిన గర్భిణుల వసతి గృహము వంటివి ఇందుకొరకే. ప్రసవమునకు ముందే అచ్చటికి చేరి, ఆసుపత్రికి దగ్గరగా ఉండవచ్చును.

బయలుదేరుటెప్పుడు?

నొప్పులు క్రమముగా, దగ్గర దగ్గరగా, హెచ్చుచు వచ్చినప్పుడు బయలుదేరవలెను. ఉమ్మనీరు పోయినచో నొప్పులు లేకున్నను వెంటనే పోవలెను. రక్తస్రావము, తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారుట, ముఖము చేతులు వాచుట, మూర్ఛ, జ్వరము, బిడ్డ కదలిక తగ్గుట — వీనిలో ఏ ఒక్కటి కనబడినను నెలలు నిండలేదని ఆగరాదు. ఆపదలో 108కి ఫోను చేయవలెను. ప్రసవానంతరము తల్లిని బిడ్డను ఇంటికి చేర్చుటకు 102 వాహనములున్నవి.

సంచి ముందే సిద్ధము చేసికొనవలెను. అందు సంరక్షణ కార్డు, ఆధారు, బ్యాంకు పుస్తకము నకళ్లు, తల్లికి రెండు జతల బట్టలు, శుభ్రముగా ఉతికి ఎండలో ఆరవేసిన మెత్తని పాత నూలుబట్టలు, బిడ్డకు టోపీ, మేజోళ్లు ఉండవలెను. కాన్పులు చూచిన అనుభవముగల స్త్రీ ఒకతె వెంట నుండుట మంచిది.

2011 జూన్ 1న ఆరంభమైన జననీ శిశు సురక్షా కార్యక్రమము ప్రకారము ప్రభుత్వ ఆసుపత్రిలో ప్రసవము, ఆపరేషను, మందులు, పరీక్షలు, రక్తము, భోజనము, రాకపోకల బండి అన్నియు ఉచితము. ఇది ఒకరి దయ కాదు, హక్కు. ఎచ్చటనైన సొమ్మడిగినచో పంచాయతీ సభ్యుడు ఆ కుటుంబము పక్షమున పై అధికారులకు తెలుపవలెను.

ముహూర్తపు కోతలు

ఆపరేషను అవసరమైనప్పుడు ప్రాణదాత. అవసరము లేనప్పుడు అది తల్లికి అనవసరపు గాయము, మరుసటి కాన్పునకు చిక్కు. 2019-21 సర్వేలో దేశమున నూటికి 21 కాన్పులు ఆపరేషనుతో జరుగగా, ఆంధ్రప్రదేశ్‌లో 42, తెలంగాణలో 60 అట్లు జరిగినవి. మంచి నక్షత్రము కొరకు, తిథివారముల కొరకు కోత కోరువారును మనలో కలరు. నెలలు పూర్తిగా నిండక మునుపు తీయబడిన బిడ్డకు ఊపిరితిత్తులు పక్వము కాక శ్వాసకష్టము కలుగవచ్చును. బిడ్డ క్షేమముగా పుట్టిన ఘడియకు మించిన ముహూర్తము లేదు. వైద్యుడు అవసరమన్నప్పుడు భయపడి వెనుదీయుటయు, అవసరము లేనప్పుడు పట్టుబట్టి కోరుటయు రెండును తప్పే.

బిడ్డకు మొదటి గంట

పుట్టిన బిడ్డను వెంటనే తుడిచి, పొడిబట్టలో కప్పి, తల్లి రొమ్ముపై పరుండబెట్టవలెను. తల్లి ఒంటి వెచ్చదనమే బిడ్డకు రక్ష. మొదటి గంటలోనే పాలు పట్టవలెను. మొదట వచ్చు చిక్కని పసుపుపచ్చని ముర్రుపాలను పిండి పారవేయుట కొన్ని యిండ్ల ఆచారము. దూడకు జున్నుపాలు దక్కవలెనని శ్రద్ధ వహించు రైతు, తన మనుమనికి ముర్రుపాలు దక్కకుండ చేయుట వింత కదా! రోగములను ఎదుర్కొను శక్తి ఆ పాలయందే కలదు. ఆసుపత్రిలో కాన్పులు నూటికి 97 జరుగుచున్నను, ఆ సర్వే ప్రకారము తెలంగాణలో మొదటి గంటలో తల్లిపాలు త్రాగిన బిడ్డలు నూటికి 37 మందియే. ఆసుపత్రికి చేరినంత మాత్రమున పని ముగియదనుటకు ఇది నిదర్శనము.

తేనె, పంచదార నీరు, ఆముదము, గాడిదపాలు ఏమియు నాకింపరాదు. ఆరు నెలలు నిండువరకు తల్లిపాలే చాలును, మంచినీరైనను అక్కరలేదు. బొడ్డుకు పసుపు, బూడిద, నూనె రాయక పొడిగా ఉంచవలెను. మొదటి దినమున స్నానము చేయింపరాదు. బి.సి.జి. టీకా, పోలియో చుక్కలు, 24 గంటలలోగా హెపటైటిస్-బి టీకా, రక్తస్రావము కాకుండ విటమిన్-కె సూదిమందు ఆసుపత్రి నుండి వచ్చులోపుననే వేయించవలెను. రెండున్నర కిలోలకు తక్కువ బరువుగల బిడ్డను తల్లి రొమ్మునకు హత్తుకొని వెచ్చగా నుంచుట మిక్కిలి అవసరము.

ఇంటికి వచ్చిన పిదప

మామూలు కాన్పు తరువాత కనీసము 48 గంటలు ఆసుపత్రిలో నుండవలెను. ఇంటికి వచ్చిన పిదప ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ దినములలో వచ్చి తల్లిని బిడ్డను చూడవలెను. బిడ్డ పాలు త్రాగకున్నను, చురుకుదనము తగ్గి వాలిపోయినను, ఒళ్లు చల్లబడినను, కాగినను, నిముషమునకు 60 లేక అంతకు మించి ఊపిరి తీసినను, అరచేతులు అరికాళ్లు పచ్చబడినను, బొడ్డున చీము పట్టినను, మూర్ఛ వచ్చినను చెట్టుమందులతో కాలము గడుపక ఆసుపత్రికి తీసికొనిపోవలెను. ఏడాది లోపు శిశువునకు ప్రభుత్వ ఆసుపత్రిలో చికిత్స ఉచితము.

బాలింతకు పత్యము పేర కారము, ఎండుకూర పెట్టి, నీరు తగ్గించుట తగదు. పాలిచ్చు తల్లికి పప్పు, ఆకుకూరలు, పాలు, గ్రుడ్డు, కావలసినంత నీరు ఈయవలెను. ఇనుము మాత్రలు కాన్పు తరువాత మరి 180 దినములు వాడవలెను. గుడ్డలు తడిసిపోవునంత రక్తము పోయినను, చలిజ్వరము వచ్చినను, దుర్వాసన కలిగినను అది పురిటిలో మామూలే యని ఊరకుండరాదు.

పంచాయతీ చేయదగినవి

1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ చేర్చిన పదునొకండవ షెడ్యూలులో ఆరోగ్యము, కుటుంబ సంక్షేమము, స్త్రీ శిశు అభివృద్ధి పంచాయతీలకు అప్పగింపదగిన విషయములుగ పేర్కొనబడినవి. కావున ఇది స్త్రీల విషయమని సభ్యులు తప్పుకొనుటకు వీలులేదు. మీరు చేయదగిన పనులివి:

1. ప్రతి నెల సమావేశమున, రాబోవు రెండు నెలలలో ప్రసవింపనున్న వారెందరో, వారి ఏర్పాటులు పూర్తియైనవో లేదో ఏ.ఎన్.ఎం. వలన తెలిసికొనుడు. పుట్టింటికి వచ్చినవారిని మరువకుడు. వారి పేర్లను గోడకెక్కింపవలదు. అది వారి గౌరవమునకు సంబంధించిన విషయము.

2. రాత్రివేళ పిలిచినను వచ్చు ఆటో, జీపు యజమానులు ఇరువురితో ముందే మాటాడి ఒప్పింపుడు. 108 వాహనము రాక ఆలస్యమైనచో అక్కరకు వచ్చును.

3. వానకాలమునకు ముందే ఆసుపత్రి బాటలోని గుంతలను, కల్వర్టులను బాగుచేయింపుడు.

4. రక్తదానమునకు సమ్మతించిన యువకుల పట్టికను రక్తపు గ్రూపుల వారీగా వ్రాసి ఉంచుడు.

5. గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషణ సంఘమును నిజముగ సమావేశపరచి, బీద గర్భిణి ప్రయాణమునకు సంఘనిధి నుండి సాయము అందునట్లు చూడుడు.

6. మీ ఆరోగ్య కేంద్రపు కాన్పుల గదిలో నీరు, దీపము, మరుగుదొడ్డి ఉన్నవో లేవో స్వయముగ విచారింపుడు.

7. ప్రతి జననమును 21 దినములలోగా నమోదు చేయింపుడు. 2023 అక్టోబరు 1 తరువాత పుట్టిన బిడ్డలకు బడిలో చేరుటకు, ఇతర కార్యములకు జనన ధ్రువపత్రమే వయస్సునకు ఆధారము.

8. దురదృష్టవశాత్తు తల్లియో శిశువో మరణించినచో, తప్పెవరిదను తగవు పెట్టక, ఆ మూడు ఆలస్యములలో ఏది జరిగినదో విచారించి సరిదిద్దుడు.

ఈ పనులలో ఒక్కటియు లక్షల సొమ్ము కోరునది కాదు. ముందుచూపు, మాటసాయము, ఒక పట్టిక, ఒక ఫోను చాలును. చెరువు తెగిన పిదప గట్టు వేయువాడు రైతు కాడు. నొప్పులు వచ్చిన పిదప బండి వెదకు ఊరును అట్టిదే. మీ పంచాయతీ వచ్చు సమావేశపు కార్యక్రమమున ఈ విషయమును మొదటి అంశముగ చేర్చుడు. ఆ నాటి రాత్రికే మీ యూర ఎవరికో నొప్పులు రావచ్చును.