కిలోమీటరు లోపల కొత్త సంవత్సరం

2020 సెప్టెంబర్ 18, శుక్రవారం. మధ్యాహ్నం 2 గంటలకు ఇజ్రాయెల్ అంతటా రెండో కరోనా లాక్‌డౌన్ మొదలైంది. ఆ సాయంత్రం పొద్దు గూకగానే యూదుల కొత్త సంవత్సరం రోష్ హషానా మొదలైంది. రెండింటి మధ్యా ఐదు గంటలు కూడా లేవు. ఆపిల్ ముక్కల్ని తేనెలో ముంచుకుని, దానిమ్మ గింజలు పంచుకుని, తాతల నుంచి మనవల దాకా ఒకే బల్ల చుట్టూ కూర్చునే రాత్రి అది. ఆ రాత్రి ఎవరింట్లో వాళ్లే తిన్నారు.

పండగ పూట ఇదేం పని, నాలుగు వారాలు ఆగితే పోయేదేముంది అని ఎవరికైనా అనిపిస్తుంది. అక్కడి జనమూ అదే అడిగారు. గృహనిర్మాణ మంత్రి యాకోవ్ లిట్జ్‌మన్ అయితే పండగల్లో లాక్‌డౌన్ పెడతారా అంటూ సెప్టెంబర్ 13న పదవికే రాజీనామా చేశారు. జవాబు ఆ ఏటి క్యాలెండర్‌లో ఉంది. సెప్టెంబర్ 18 నుంచి అక్టోబర్ 10 దాకా 23 రోజులు. రోష్ హషానా, పదో రోజున యోమ్ కిప్పూర్, ఆ తర్వాత సుక్కోత్, చివరన సింహత్ తోరా, అన్నీ ఆ 23 రోజుల్లోనే వచ్చాయి. అక్కడ పనివారం ఆదివారం నుంచి గురువారం వరకు. పండగలు, వాటి ముందు రోజులు, శుక్ర శనివారాలు, చాలా ఆఫీసులు సగం తెరిచే సుక్కోత్ నడిమి రోజులు తీసేయండి. మామూలు పనిదినాలుగా మిగిలేవి ఏడే ఏడు. అంటే దేశాన్ని మూసేస్తే పని అతి తక్కువగా చెడే వారాలవి. ఇళ్లలో జనం అతి ఎక్కువగా పోగయ్యేదీ ఆ వారాల్లోనే. ఒక్క దెబ్బకు రెండూ కలిసొస్తాయన్నది ప్రభుత్వం లెక్క. ఆ లెక్కలో తర్కం ఉందనే నేను అనుకుంటాను. దాన్ని జనానికి చెప్పిన తీరు మాత్రం సరిగా లేదు.

పరిస్థితి నిజంగా అంత చెడ్డదా? అప్పటి ఇజ్రాయెల్ జనాభా సుమారు 92 లక్షలు. సెప్టెంబర్ చివర్లో కొన్ని రోజులు కొత్త కేసులు 8,000 దాటాయి. అంటే దాదాపు ప్రతి 1,150 మందిలో ఒకరికి, ఒక్క రోజులో. అదే నెల మధ్యలో భారతదేశం రోజుకు సుమారు 97,000 కేసులతో మన మొదటి అల శిఖరాన ఉంది. మన జనాభాతో భాగిస్తే అది 14,000 మందికి ఒకటి. ఆంధ్రప్రదేశ్‌లో ఆ ఆగస్టు చివర్లో రోజుకు పదివేల పైచిలుకు కేసులు వస్తుంటేనే మనం బెంబేలెత్తిపోయాం. ఇజ్రాయెల్ వేగం మన దగ్గర ఉంటే ఆ సంఖ్య 43,000 అయ్యేది. పరీక్షలు ఎక్కువ చేసే దేశంలో కేసులు ఎక్కువ బయటపడతాయి, నిజమే. అందుకే ఇంకో కొలత చూడాలి: వంద పరీక్షలు చేస్తే ఎన్ని పాజిటివ్ వస్తున్నాయి? దాన్నే పాజిటివిటీ రేటు అంటారు. ఆ రోజుల్లో అది 13 నుంచి 15 మధ్య ఆడింది. పరీక్షలు పెంచినందుకే కేసులు పెరిగితే ఈ రేటు తగ్గాలి. అది పెరిగిందంటే, వ్యాధే పరీక్షలను మించి పరిగెడుతోందన్నమాట. ఆస్పత్రుల్లో విషమంగా ఉన్న రోగులు 800 దాటారు. వైద్య వ్యవస్థ ఆ సంఖ్య దాకానే తట్టుకోగలదని అధికారులు ముందునుంచీ చెబుతూ వచ్చారు.

ఇక నిబంధన. ఇంటి నుంచి ఎంత దూరం వెళ్లవచ్చు? మొదట 500 మీటర్లన్నారు. అమలయ్యే లోపే దాన్ని 1,000 మీటర్లకు మార్చారు. రెట్టింపే కదా అనిపిస్తుంది గానీ, మనిషి తిరిగేది గీత మీద కాదు, ఇంటి చుట్టూ ఉన్న వృత్తంలో. దూరం రెట్టింపయితే వైశాల్యం నాలుగింతలవుతుంది. 500 మీటర్ల వృత్తం 194 ఎకరాలు, కిలోమీటరు వృత్తం 776 ఎకరాలు. ఏప్రిల్ నాటి మొదటి లాక్‌డౌన్‌లో ఊరికే బయట తిరగడానికి ఇచ్చింది 100 మీటర్లు. అది ఎనిమిది ఎకరాలకు కూడా రాదు. ఏప్రిల్‌లో గేటు దాకా వెళ్లి వెనక్కి వచ్చిన ముసలాయన సెప్టెంబర్‌లో పార్కు దాకా వెళ్లగలిగాడు. సరుకులు, మందులు, వైద్యం, వ్యాయామం, తప్పనిసరి ఉద్యోగం, విడిపోయిన తల్లిదండ్రుల మధ్య పిల్లల రాకపోకలు, వీటన్నిటికీ మినహాయింపు ఉంది. వేరే ఊళ్లో ఉన్న అమ్మతో పండగ భోజనం చేయడం మాత్రం ఆ జాబితాలో లేదు.

జరిమానా 500 షెకెళ్లు. అప్పటి మారకంలో సుమారు 10,700 రూపాయలు. రూపాయల్లో చెబితే బరువు తెలియదు, ఎందుకంటే అక్కడి జీతాలు వేరు, ధరలు వేరు. పూర్తికాలం ఉద్యోగికి అప్పట్లో కనీస వేతనం నెలకు 5,300 షెకెళ్లు, గంటకు 29 చిల్లర. కాబట్టి 500 షెకెళ్లంటే కనీస వేతనం మీద బతికే మనిషికి 17 గంటల కష్టం, రెండు రోజుల కూలి. బాగా సంపాదించేవాడికి అదొక రాత్రి హోటల్ భోజనం. ఒకే జరిమానా అందరినీ ఒకేలా ఆపదు.

దూరానికే కాదు, గుంపులకూ పరిమితి ఉంది. అందులో పది అనే అంకె సంగతి కొంచెం నిదానంగా చూద్దాం. యూదు సంప్రదాయంలో సామూహిక ప్రార్థనకు కనీసం పది మంది పెద్దవాళ్లు కూడాలి. ఛాందస సంప్రదాయంలో పదిమందీ మగవాళ్లే. దీన్ని మిన్యాన్ అంటారు. పది కంటే తగ్గితే ఒంటరిగా ప్రార్థించవచ్చు గానీ, కొన్ని ముఖ్యమైన మంత్రాలు పలకడానికి లేదు. పోయినవారి కోసం పిల్లలు చెప్పే కద్దిష్ వాటిలో ఒకటి. లాక్‌డౌన్‌లో గుంపుల పరిమితి నాలుగు గోడల మధ్య 10, ఆరుబయట 20. మతం అడిగే కనీసమూ, ఆరోగ్య శాఖ ఒప్పుకునే గరిష్ఠమూ ఒకే అంకె దగ్గర కలిశాయి. పదకొండో మనిషి వస్తే నిబంధన తప్పుతుంది, తొమ్మిదే మిగిలితే ప్రార్థన తప్పుతుంది. సినగాగులకు, అంటే యూదుల ప్రార్థనా మందిరాలకు, తలుపుల సంఖ్యను బట్టీ ఆ ఊళ్లో వ్యాధి తీవ్రతను బట్టీ ఎన్ని గుంపులు పట్టవచ్చో ఒక ప్రత్యేక లెక్క కట్టారు. అది చాలామందికి అర్థం కాలేదు. జనం తేలిక దారి పట్టారు. అపార్ట్‌మెంట్ల పెరట్లో, పార్కింగ్ స్థలాల్లో, కాలిబాటల మీద ప్లాస్టిక్ కుర్చీలు ఎడంఎడంగా వేసుకుని ప్రార్థించారు. పై అంతస్తుల వాళ్లు బాల్కనీల నుంచే కలిశారు.

రోష్ హషానా నాడు పొట్టేలు కొమ్ముతో చేసిన షోఫార్‌ను ఊదుతారు. కనీసం 30 సార్లు, ఆచారం ప్రకారం 100 సార్లు. మూసిన గదిలో నూరుసార్లు బలంగా ఊదడమంటే గాలితో వచ్చే జబ్బుకు తలుపు తీసిపెట్టడమే. అందుకని కొమ్ము వెడల్పు చివరకు మాస్కు తొడగమని కొందరు రబ్బీలు, అంటే మతగురువులు, సలహా ఇచ్చారు. సినగాగుకు రాలేని వృద్ధుల కోసం వాలంటీర్లు వీధి వీధికీ వెళ్లి కూడళ్లలో నిలబడి ఊదారు. ఆ ఏటి పండగలో నాకు అన్నిటికంటే నచ్చినది ఇదే. నిబంధన మీరలేదు, ఆచారం మానలేదు.

మరి నిబంధన అందరికీ ఒకటేనా? అక్కడి జనం గొంతులో పడ్డ ముల్లు ఇది. ఏప్రిల్ 8న, ఈజిప్టు బానిసత్వం నుంచి విముక్తిని తలుచుకునే పస్కా పండగ తొలి రాత్రి, మర్నాడు ఉదయం 7 దాకా ఇల్లు కదలకూడదని కర్ఫ్యూ పెట్టారు. లక్షల కుటుంబాలు పాటించాయి. రాత్రి 8:30కి బాల్కనీల్లోకి వచ్చి, పిల్లలు పాడే పస్కా ప్రశ్నల పాటను వీధంతా కలిసి పాడారు. తీరా చూస్తే అధ్యక్షుడు రువెన్ రివ్లిన్ ఇంటికి ఆ రాత్రి కూతురు, ప్రధాని నెతన్యాహు ఇంటికి కొడుకు వచ్చారని బయటపడింది. రివ్లిన్ తర్వాత క్షమాపణ చెప్పారు. సెప్టెంబర్‌లో మళ్లీ గడప దాటొద్దని చెప్పినప్పుడు జనం మనసులో ఈ సంగతి ఉంది. సెప్టెంబర్ 30న నిరసనలను కూడా కిలోమీటరు లోపలే జరుపుకోవాలని చట్టం చేస్తే, జెరూసలేంలో ప్రధాని ఇంటి ముందు చేరాల్సినవాళ్లు దేశమంతా తమ తమ కూడళ్లలో, వంతెనల మీద జెండాలు పట్టుకుని నిలబడ్డారు.

సెప్టెంబర్ 25న నిబంధనలు ఇంకా బిగిశాయి. సినగాగులు మూశారు, యోమ్ కిప్పూర్‌కు మాత్రం పరిమిత సంఖ్యలో అనుమతించారు. ఈ ప్రాయశ్చిత్త దినాన యూదులు సుమారు 25 గంటలు నీళ్లు కూడా ముట్టకుండా ఉపవాసం ఉంటారు. ప్రతి ఏడూ ఆ రోజు దేశంలో కార్లు తిరగవు, టీవీ ఛానళ్లు ప్రసారాలు ఆపేస్తాయి, విమానాశ్రయం మూతపడుతుంది, ఖాళీ రోడ్ల మీద పిల్లలు సైకిళ్లు తొక్కుతారు. కాబట్టి ఆ ఒక్క రోజు వీధులు ఎప్పటిలాగే కనిపించాయి.

సుక్కోత్ అలా గడవలేదు. ఆకులు కప్పిన పైకప్పులోంచి ఆకాశం కనిపించేలా పెరట్లోనో బాల్కనీలోనో మన పెళ్లి పందిరి లాంటి సుక్కా వేసుకుని, ఏడు రోజులు అందులో తింటారు. ఈ పండగకు ప్రాణం అతిథులే. ఆ ఏడు పరాయి సుక్కాలో కనిపిస్తే 500 షెకెళ్ల జరిమానా. ఆరుబయట గాలిలో, సగం తెరిచిన కప్పు కింద కూర్చోవడం గదిలో కంటే మేలు కాదా? మేలే. కానీ చాలా సుక్కాలకు మూడు నాలుగు వైపులా గుడ్డ గోడలుంటాయి, మనుషులు భుజాలు రాసుకుని గంటలకొద్దీ తింటారు, పాడతారు. కాబట్టి ఈ నిషేధం అర్థం లేనిదని అనలేను.

భారం అందరి మీదా సమానంగా పడలేదు. అతి ఛాందస యూదులైన హరేదీలు అప్పటి జనాభాలో సుమారు 12 శాతం. అక్టోబర్ మొదట్లో కొత్త కేసుల్లో మూడో వంతుకు పైగా వాళ్లవే. కొన్ని వర్గాలు నిబంధనలను ధిక్కరించిన మాట నిజం. బ్నే బ్రాక్ వంటి పట్టణంలో ఏడెనిమిది మంది పిల్లలతో చిన్న ఫ్లాటులో బతికే ఇంట్లో, ఒకరికి జబ్బు చేస్తే విడిగా పెట్టడానికి గది ఉండదన్నదీ అంతే నిజం. అంతకుముందు వేసవిలో అరబ్ పట్టణాల్లో పెళ్లిళ్ల వల్ల కేసులు పెరిగాయి. జనం కూడే వేళ ఏ సమాజానిదైనా వైరస్‌కు ఒకటే.

ఈ లెక్కలో మన తెలుగువాళ్లూ ఉన్నారు. ఇజ్రాయెల్‌లో వృద్ధుల ఇళ్లలోనే ఉండి వాళ్లను చూసుకునే భారతీయ కేర్‌గివర్లలో తెలంగాణ, ఆంధ్ర జిల్లాల నుంచి వెళ్లినవాళ్లు ఉన్నారు. వాళ్లకు వారానికి ఒక్కటే సెలవు. సొంత భాష మాట్లాడుకునేది, మనవంట వండుకునేది ఆ పూటే. పక్క ఊళ్లో ఉన్న స్నేహితుల గదికి వెళ్లడానికి కిలోమీటరు చాలదు. ఎనభై దాటిన మనిషి పక్కన పనిచేస్తూ జబ్బు మోసుకొస్తే ఏమవుతుందో వాళ్లకు తెలుసు. ఇంటి నుంచి కబురొస్తే ఫోన్ తెర మీదే చూసుకున్నారు.

ఖర్చు ఎంత? మూడు వారాల మూసివేతకు ఆర్థిక శాఖ వేసిన అంచనా 650 కోట్ల షెకెళ్లు. 92 లక్షల మందికి పంచితే తలకు సుమారు 700. నలుగురున్న ఇంటికి 2,800, కనీస వేతనం మీద బతికే మనిషికి సగం నెల జీతం కంటే ఎక్కువ. నిజానికి అది అలా సమానంగా పంచుకోలేదు. జీతం ఆగని ఉద్యోగికి ఏమీ పోలేదు. జీతం లేని సెలవులో పంపిన హోటల్ పనివాడికి, షాపు మూసిన చిరువ్యాపారికి రెండు మూడింతలు పోయింది.

ఇంత చేసీ ఫలితం వచ్చిందా? మొదటి వారాల్లో వార్తలు చూస్తే రాలేదనే అనిపిస్తుంది. మొదటి మరణం మార్చి 20న జరిగింది. సెప్టెంబర్ మొదటి వారానికి మరణాలు 1,000కి చేరాయి, అంటే ఐదున్నర నెలలు. రెండో వెయ్యికి ఐదున్నర వారాలే పట్టింది, అందులో ఎక్కువ భాగం లాక్‌డౌన్ రోజులే. ఇక్కడ కాలం తేడా గుర్తుపెట్టుకోవాలి. జబ్బు సోకిన రోజుకూ ప్రాణం పోయే రోజుకూ మధ్య సాధారణంగా రెండు మూడు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. సుక్కోత్‌లో పోయినవాళ్లలో చాలామందికి లాక్‌డౌన్‌కు ముందో, మొదటి రోజుల్లోనో సోకింది. ఆ కుటుంబాల దుఃఖానికి ఇంకో ముడి పడింది. యూదులు ఏడు రోజులు షివా అనే మైల పాటిస్తారు, ఊరంతా వచ్చి పలకరిస్తుంది. మధ్యలో పెద్ద పండగ వస్తే మిగిలిన రోజులు రద్దవుతాయి. ఆ నెలంతా పండగలే. వచ్చేవాళ్లకేమో పది, ఇరవై అంటూ లెక్క. చాలా ఇళ్లలో మైల సరిగ్గా పలకరింపులు కూడా లేకుండా ముగిసిపోయింది.

సడలింపుకు ప్రభుత్వం రెండు గీతలు గీసింది. రోజుకు కేసులు 2,000 కంటే తగ్గాలి. ఒక రోగి నుంచి సగటున ఎంతమందికి సోకుతోందో చెప్పే ఆర్ అనే సంఖ్య 0.8 కంటే దిగాలి. ఆర్ 0.8 అయితే నూరుగురు రోగులు 80 మందికి, వాళ్లు 64 మందికి, వాళ్లు 51 మందికి అంటిస్తారు. మూడు అంచెల్లో సగమవుతుంది. రెండు గీతలూ దాటాక అక్టోబర్ 18న కిలోమీటరు నిబంధన ఎత్తేశారు. నెలాఖరుకు కేసులు రోజుకు వెయ్యి లోపుకొచ్చాయి. పాజిటివిటీ రెండు మూడు శాతానికి దిగింది.

కానీ అది నిలవలేదు. చలికాలంలో హనుక్కా దీపాలు వెలిగించే సరికి కేసులు మళ్లీ పెరుగుతున్నాయి, డిసెంబర్ 27న మూడో లాక్‌డౌన్ వచ్చింది. సరిగ్గా ఆ వారంలోనే టీకాలు కూడా ఊపందుకున్నాయి. 2021 మార్చి 27న మళ్లీ పస్కా రాత్రి వచ్చేనాటికి 50 లక్షల మందికి పైగా కనీసం ఒక డోసు వేయించుకున్నారు. ఆ రాత్రి ఇంట్లో 20 మంది దాకా కూర్చోవచ్చన్నారు. అంటే అమ్మానాన్నలు, ముగ్గురు పిల్లలు, వాళ్ల జంటలు, మనవలు, ఒక మేనత్త, ఒంటరిగా ఉండే పక్కింటి పెద్దాయన. ఇంకా ఇద్దరు ముగ్గురికి చోటు మిగులుతుంది.