ఆటలో అబ్బాయి ‘జరీనా’ ఎందుకయ్యాడు? తల్లిదండ్రులు తెలుసుకోవాల్సిన సంగతులు

మీ అబ్బాయి నోట్‌బుక్‌లో ఒక కాగితం దొరికిందనుకోండి. పైన పేరు ‘జరీనా’. దాని కింద ‘విలుకత్తె’. బలం 10, చురుకుదనం 17, తెలివి 13. పక్కన బాణాలు 20, తాడు ఒకటి, బంగారు నాణేలు 15. ఎవర్రా ఈ అమ్మాయి అని అమ్మీ అడిగితే, వాడు తాపీగా “నేనే” అంటాడు. ఆ తర్వాత ఇంట్లో ఏం జరుగుతుందో చెప్పక్కర్లేదు.

ఆ కాగితాన్ని క్యారెక్టర్ షీట్ అంటారు. టేబుల్ టాప్ రోల్ ప్లేయింగ్ గేమ్ ఆడే ప్రతివాళ్ల దగ్గరా ఒకటి ఉంటుంది. నేను కామర్స్ చదివినవాణ్ణి, నాకైతే అది లెడ్జర్ లాగే కనిపిస్తుంది. దెబ్బ తగిలితే ప్రాణశక్తిలో కోత, నిధి దొరికితే నాణేల్లో జమ.

ఈ ఆటల్లో అన్నిటికంటే పేరున్నది డన్జన్స్ అండ్ డ్రాగన్స్. అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు తయారుచేశారు, 1974లో అచ్చయింది. స్ట్రేంజర్ థింగ్స్ సీరియల్‌లో పిల్లలు ఆడేది ఇదే. డాలస్‌లోనో చికాగోలోనో ఉన్న మన బంధువుల పిల్లలకు ఇది మామూలు సంగతి. ఇక్కడ హైదరాబాద్‌లో బోర్డ్ గేమ్ కెఫేలు వచ్చాక మన పిల్లలకూ తెలిసింది.

ఆట ఇలా సాగుతుంది. నలుగురైదుగురు టేబుల్ చుట్టూ కూర్చుంటారు. వాళ్లలో ఒకరు డన్జన్ మాస్టర్, అంటే కథ నడిపే మనిషి. “మీ ముందు పాడుబడ్డ కోట ఉంది, తలుపు దగ్గర ఇద్దరు కాపలావాళ్లు” అని ఆయన చెబుతాడు. మిగతావాళ్లు తమ పాత్ర ఏం చేస్తుందో చెబుతారు. పని అయిందా లేదా తేల్చేది 20 ముఖాల పాచిక. పాచికలనగానే జూదం గుర్తొస్తుంది గానీ, ఇందులో పందెం ఉండదు, ఒక్క రూపాయి కూడా చేతులు మారదు. అయినా అసలు పాచికలే వద్దనే ఉలమా ఉన్నారు, ఆ మాట విడిగా అడిగి తెలుసుకోవాల్సిందే.

వేషం కట్టే పని లేదు. అలంకరణ లేదు, స్టేజీ లేదు. ఉన్నదంతా మాటే. ఆ మాట కూడా రెండు రకాలు. కొందరు “జరీనా చెట్టెక్కి బాణం వేసింది” అని కథ చెప్పినట్టు చెబుతారు. కొందరు “నేను చెట్టెక్కుతున్నా” అంటూ పాత్రగానే మాట్లాడతారు. ఆట నియమాల పుస్తకం రెండు పద్ధతుల్నీ ఒప్పుకుంటుంది. ఈ తేడా గుర్తుంచుకోండి, కింద మళ్లీ పనికొస్తుంది.

అబ్బాయి ఆడ పాత్ర, అమ్మాయి మగ పాత్ర తీసుకోవడం ఈ ఆటలో వింతేమీ కాదు. ఒక్క సంగతి చూస్తే అర్థమైపోతుంది. డన్జన్ మాస్టర్ కూర్చున్నాడంటే రాజు మాట ఆయనే పలకాలి, రాణి మాట ఆయనే పలకాలి. సరాయి నడిపే ముసలావిడ, దొంగల నాయకుడు, తప్పిపోయిన చిన్నపాప, అందరూ ఆయనే. అది లేకుండా ఆటే నడవదు. మిగతావాళ్లకు ఒక్కొక్కరికి ఒకే పాత్ర ఉంటుంది కాబట్టి అది కళ్లలో పడుతుంది, అంతే.

మనకిది కొత్తగా కనిపిస్తుంది గానీ, ఉర్దూ దాస్తాన్లు విన్నవాళ్లకు ఇలాంటిది పరిచయమే. దాస్తాన్‌గో ఒక్కడే కూర్చుని అమీర్ హమ్జా కథ చెబుతుంటే షహజాదా గొంతు, షహజాదీ గొంతు, జాదూగరనీ గొంతు అన్నీ అతనివే. ఆ కథలో తిలిస్మ్ ఉంటుంది, లోపలికి పోతే మాయలు, ఉచ్చులు. డన్జన్ అంటే దాదాపు అదే. అయ్యార్ అమర్ అయితే శత్రువు కోటలో దూరడానికి ఆడమనిషి రూపు కట్టడం కథలో మళ్లీ మళ్లీ వస్తుంది. 1880ల్లో లక్నో నవల్ కిశోర్ ప్రెస్ తిలిస్మ్-ఎ-హోష్‌రుబా అచ్చేయడం మొదలుపెట్టినప్పుడు చదివినవాళ్లు నవ్వుకున్నారే తప్ప అయ్యార్ మగతనం మీద పంచాయితీ పెట్టి ఉండరు. తెలుగు నాటకంలో సత్యభామగా పేరు తెచ్చుకున్న స్థానం నరసింహారావు గారికి 1956లో పద్మశ్రీ ఇచ్చారు. అయితే అది వేషం కట్టి ఆడేది, ఇక్కడ ఆ వేషం కూడా లేదు.

మరి పిల్లలు ఎందుకు ఎంచుకుంటారు? పెద్దవాళ్లు ఊహించే కారణం ఒకటే ఉంటుంది. అసలు కారణాలు చాలా ఉంటాయి, చాలాసార్లు చిన్నవే. ఒకడికి సినిమాలో చూసిన విలుకత్తె నచ్చి ఉంటుంది. ఇంకొకడు కథ రాసేవాడిలా ఆలోచిస్తాడు, తనలాంటి మనిషినే ఎన్నిసార్లు ఆడాలి అని. ఒక్కోసారి గుంపులో నలుగురూ మగ యోధులే అయిపోతారు, ఒక వైద్యురాలు ఉంటే బాగుంటుందని ఒకడు ఒప్పుకుంటాడు. కొందరికి తమ గురించి తమకే ఏదో ప్రశ్న ఉండొచ్చు, అలాంటివాళ్లూ ఉంటారు. కానీ కాగితం మీద పేరు చూసి ఎవరు ఏ రకమో చెప్పడం ఎవరివల్లా కాదు.

అమ్మాయిల సంగతి వేరు, దాని గురించి తక్కువ మాట్లాడతారు. ఈ ఆట మొదట్లో మగవాళ్లు మగవాళ్ల కోసం రాసుకున్నదే. తొలి నియమాల్లో యోధుడి వృత్తి పేరే ‘ఫైటింగ్ మెన్’. 1978 నాటి పుస్తకంలో మనుషుల జాతి మగ యోధుడికి బలం 18, దాని మీద ఇంకా 100 శాతం దాకా పెరగొచ్చు. ఆడ యోధురాలికి మాత్రం 18 మీద 50 శాతం దగ్గర బ్రేక్. మంత్రాలు, డ్రాగన్లు ఉన్న లోకంలో ఆడదాని బలానికి మాత్రం లెక్క కట్టి మరీ కోత పెట్టారు! 1989లో వచ్చిన రెండో కూర్పులో ఆ కోత తీసేశారు. 2014 పుస్తకమైతే పాత్ర ఆడైనా మగైనా దానివల్ల ఆటలో లాభమూ లేదు నష్టమూ లేదని తేల్చేసింది.

నియమం మారినా టేబుల్ దగ్గర మనుషులు ఒక్కరోజులో మారరు. ఆడ పాత్ర కనిపించగానే కథలో ఆమెను ఏడిపించడం, వెకిలి మాటలు అనడం చేసే గుంపులుంటాయి. అది తప్పించుకోవడానికే కొందరు అమ్మాయిలు మగ పాత్ర తీసుకుంటారు. మీ అమ్మాయి ఎప్పుడూ మగ యోధుడినే ఆడుతోందంటే, పాత్ర గురించి కంగారుపడే ముందు ఆ టేబుల్ దగ్గర ఎవరెవరు కూర్చుంటున్నారో అడగండి. నాకైతే మొదట అడగాల్సిన ప్రశ్న అదే.

అబ్బాయిలు ఆడ పాత్ర ఆడేటప్పుడు వచ్చే తప్పు కూడా అక్కడే ఉంది. గొంతు సన్నగా చేసి, వయ్యారాలు పోయి, ఆడవాళ్లంటే ఇంతే అన్నట్టు వెటకారం చేయడం. పక్కన కూర్చున్న అమ్మాయికి అది ఎలా ఉంటుంది? దాన్ని పాత్ర పోషణ అనరు, ఎగతాళి అంటారు. బాగా ఆడేవాళ్లు పాత్రను ముందు మనిషిగా చూస్తారు. దానికి భయం ఏమిటి, ఆశ ఏమిటి, ఎవరి మీద మమకారం అని. క్రిటికల్ రోల్ అనే ఇంటర్నెట్ షోలో 2018లో మొదలైన రెండో కథలో శామ్ రీగల్ అనే నటుడు నాట్ అనే ఆడ గాబ్లిన్‌ను ఆడాడు. చూసినవాళ్లకు గుర్తుండిపోయింది ఆ పాత్రలోని తల్లి మనసు.

సర్దుకున్న గుంపులు మొదటి కథకు ముందే ఒకరోజు కూర్చుని ఏది ఉండాలి, ఏది ఉండకూడదు అని మాట్లాడుకుంటాయి. దాన్ని సెషన్ జీరో అంటారు. కొన్నిచోట్ల టేబుల్ మధ్యలో ఎక్స్ కార్డ్ పెడతారు. ఎవరికైనా ఇబ్బందిగా ఉంటే ఆ కార్డు తాకితే చాలు, కారణం అడక్కుండా ఆ సంగతి వదిలేస్తారు. ప్రేమ వ్యవహారాలు కథలో వద్దు అని మీ పిల్లలు ముందే చెప్పొచ్చు. అడిగితే ఎవరూ తప్పుపట్టరు, అది ఆట మర్యాదే.

ఇక దీన్ ప్రశ్న. ఆడవాళ్లను అనుకరించే మగవాళ్ల గురించి, మగవాళ్లను అనుకరించే ఆడవాళ్ల గురించి సహీ బుఖారీలో గట్టి హదీస్ ఉందని మన ఇళ్లల్లో అందరికీ తెలుసు. ఈ ఆట దాని కిందికి వస్తుందా రాదా అని చెప్పడం రిపోర్టర్ పని కాదు. ఆలిమ్‌ను అడగండి. కాకపోతే అడిగేటప్పుడు సంగతి సరిగ్గా చెప్పాలి. “మా వాడు ఆడపిల్లలా తయారవుతున్నాడు” అని చెబితే వచ్చే జవాబు ఒకటి. “బట్టలు మార్చడు, నడక మార్చడు, కథలో ఒక ఆడమనిషి ఏం చేసిందో చెబుతాడు” అంటే ప్రశ్నే మారిపోతుంది. కథలా చెబుతున్నాడా, పాత్రగా గొంతు మార్చి మాట్లాడుతున్నాడా అన్న తేడా కూడా చెప్పండి. ఇంకో మాట. ఈ ఆటలో రకరకాల దేవతలు, వాళ్ల పూజారులు, మంత్రాలు ఉంటాయి. జరీనా పేరు చూసి బెంబేలెత్తిన అబ్బాలు ఆ పేజీలు అసలు తిరగేయరు. అడగాలంటే అవీ కలిపి అడగండి. దేవతల్ని తీసేసి సొంత లోకం తయారుచేసుకుని ఆడటానికి నియమాలేమీ అడ్డం కావు.

ఆన్‌లైన్ ఆట దగ్గర మాత్రం జాగ్రత్త పెంచాలి. టేబుల్ దగ్గర జరీనాను ఆడేది మీ అబ్బాయని అందరికీ తెలుసు, అందులో మోసం లేదు. ముక్కూమొహం తెలియని గుంపులో, కెమెరా లేకుండా, ఆట అయిపోయాక కూడా ఎవరైనా ఆడపేరుతోనో మగపేరుతోనో చాట్ చేస్తుంటే అది ఆట కాదు. డన్జన్ మాస్టర్ ఎవరు, వయసెంత, ఏ రోజు ఎన్ని గంటలకు ఆడతారు అన్నవి తల్లిదండ్రులకు తెలిసి ఉండాలి. ఒక ఆట మూడు నాలుగు గంటలు నడుస్తుంది కాబట్టి నమాజ్ వేళకు విరామం కూడా ముందే మాట్లాడుకోవచ్చు. వీలైతే ఒక ఆదివారం గుంపును మీ ఇంటికే పిలవండి. చాయ్, ఉస్మానియా బిస్కెట్లు పెట్టి పక్కన కూర్చుంటే గంటలో ఆట మొత్తం అర్థమవుతుంది.